బడిపిల్లల నాటకాలు: కలకత్తా అనుభవం



ఈరోజు మనం మాట్లాడుకోబోయే విషయం మీ పాఠ్యపుస్తకాల్లో ఉండదు. పరీక్షలో దీనిమీద ప్రశ్న కూడా రాదు. అందుకే దీన్ని గురించి కాస్త నింపాదిగా మాట్లాడుకోవచ్చు. చిన్న బడుల్లో పిల్లలు వేసే నాటకాలు, ఇదీ మన విషయం. వార్షికోత్సవం రోజున షామియానా కింద, మైకు గోల మధ్య, రికార్డు పాటకు పెదవులు కదిపే పది నిమిషాల కార్యక్రమం గురించి కాదు నేను చెప్పబోయేది. ఒక తరగతి, లేదా ఒక చిన్న బడి మొత్తం, నెలో రెండు నెలలో కూర్చుని ఒక నాటకాన్ని చదివి, పాత్రలు పంచుకుని, తమకు తెలిసినవాళ్ళ ముందు ఆడటం గురించి.

ఇందుకు ఉదాహరణగా కలకత్తా నగరాన్ని తీసుకుంటున్నాను. 2001 నుంచి దాని అధికారిక నామం కోల్‌కతా. మనం చెప్పుకునే సంగతులు చాలావరకు పాతవి గనుక పాత పేరే వాడతాను. ఎందుకు కలకత్తాయే అంటారా? మన దేశంలో ఆధునిక బడీ, ఆధునిక నాటకశాలా దాదాపు ఒకే కాలంలో, పక్కపక్క వీధుల్లో పెరిగిన ఊరు అది. అక్కడ నాటకం చాలాభాగం బడిలోంచే బయటికి వచ్చింది. తర్వాత తర్వాత బడిపిల్లల కోసమే ఒక మహాకవి నాటకాలు రాశాడు. ఇలాంటిది ప్రపంచంలో మరెక్కడా ఇంత స్పష్టంగా కనిపించదని నా అభిప్రాయం.

పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ధర్మతల్లా ప్రాంతంలో డేవిడ్ డ్రమ్మండ్ అనే స్కాట్లండ్ దేశస్థుడు ఒక అకాడమీ నడిపేవాడు. యూరోపియన్ పిల్లలు, యూరేషియన్ పిల్లలు, భారతీయుల పిల్లలు ఒకేచోట కూర్చుని చదువుకునేవారు. ఆ రోజుల్లో అది చిన్న సంగతి కాదు. ఏటేటా అక్కడ బహిరంగ పరీక్ష జరిగేది. అంటే ఊళ్ళో పెద్దలను పిలిచి, వాళ్ళ ఎదుట పిల్లల చేత పద్యాలూ నాటక భాగాలూ చెప్పించడం. ఫలానా అబ్బాయి బాగా చెప్పాడని మర్నాడు పత్రికల్లో కూడా రాసేవారు. 1822లో షేక్‌స్పియర్ ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’లోని షైలాక్ మాటలు చెప్పి మెప్పు పొందిన పదమూడేళ్ళ పిల్లవాడి పేరు హెన్రీ లూయీ వివియన్ డిరోజియో. తర్వాత అతనే హిందూ కళాశాలలో ఉపాధ్యాయుడై, తన విద్యార్థుల చేత ప్రతిదాన్నీ ప్రశ్నించడం నేర్పించి, ఆ కారణంగానే 1831లో ఉద్యోగం పోగొట్టుకుని, అదే ఏడాది ఇరవై రెండేళ్ళకే కన్నుమూశాడు. 1824లో డ్రమ్మండ్ విద్యార్థులు జాన్ హోమ్ రాసిన ‘డగ్లస్’ నాటకం వేసినప్పుడు దానికి ప్రస్తావన పద్యం రాసిందీ ఈ డిరోజియోనే. అప్పటికి అతను బడి వదిలేశాడు. అయినా బడి నాటకం అతన్ని వదల్లేదన్నమాట.

ఇక్కడ ఒక తేడా గమనించండి. షైలాక్ మాటలు చెప్పడానికి ఒక్క పిల్లవాడు చాలు. అందరూ అతన్నే చూస్తారు, మిగతా తరగతి చప్పట్లు కొడుతుంది. ‘డగ్లస్’ వెయ్యాలంటే ఒక్కడు చాలడు. ఎదుటివాడు మాట అందించాలి. నౌకరు వేషం వేసినవాడు సరైన క్షణంలో లోపలికి రావాలి. అప్పజెప్పడానికీ ఆడటానికీ మధ్య ఉన్న ఈ దూరమే ఈనాటి మన పాఠంలో అసలు విషయం. మన బడులు ఇప్పటికీ మొదటిదానితోనే ఆగిపోతున్నాయేమోనని నాకు అనుమానం.

కలకత్తాలో ఆ తర్వాత మూడు దశాబ్దాలు బడులూ కాలేజీలూ షేక్‌స్పియర్‌తో నిండిపోయాయి. 1853లో డేవిడ్ హేర్ అకాడమీ విద్యార్థులు ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’ వేశారు. అదే ఏడాది ఓరియంటల్ సెమినరీ అనే బడిలో పూర్వవిద్యార్థులు ఓరియంటల్ థియేటర్ అని పేరు పెట్టుకుని ‘ఒథెల్లో’ వేశారు. అన్నీ ఇంగ్లీషు నాటకాలే. చూడవచ్చినవాళ్ళకు ఎంతవరకు అర్థమయ్యాయో మనం ఊహించుకోవలసిందే. కాని ఆ అలవాటు వృథా పోలేదు. తెర ఎప్పుడు లేవాలి, ఎవరు ఎటునుంచి రావాలి అన్నది ఇంగ్లీషులో నేర్చుకున్న యువకులే తర్వాత బంగాళీ నాటకం వైపు తిరిగారు. 1872లో నేషనల్ థియేటర్ టిక్కెట్టు పెట్టి ‘నీల్‌దర్పణ్’ ఆడేనాటికి నాటకం బడి దాటి ఊళ్ళోకి వచ్చేసింది.

మన దగ్గరా సరిగ్గా ఇలాగే జరిగిందని మీకు తెలిసే ఉంటుంది. 1880లో ధార్వాడ నాటక సమాజం వారు రాజమండ్రి వచ్చి నాటకాలాడి వెళ్ళారు. వాళ్ళు వేసుకున్న పాక అలాగే ఉంది. అక్కడ తెలుగు పండితులుగా ఉన్న కందుకూరి వీరేశలింగం గారు తన విద్యార్థులను కూడగట్టి ఆ పాకలోనే ‘వ్యవహార ధర్మబోధిని’ ఆడించారు. వకీళ్ళ మోసాల మీద రాసిన నాటకం అది. దానికి ప్లీడరు నాటకమని కూడా పేరు. మన ఆధునిక నాటక ప్రదర్శనల చరిత్ర ఒక పంతులుగారూ, ఆయన శిష్యులూ, ఎవరో వదిలి వెళ్ళిన పాకా, వీటితో మొదలైంది. వీరేశలింగం గారి పుట్టినరోజైన ఏప్రిల్ 16ను తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజున సభలు జరిపే పెద్దలు బడిపిల్లలను ఒకసారి తలుచుకుంటే బాగుంటుంది.

ఇంతవరకూ చెప్పిన కథలో ఆడపిల్లలు లేరు. స్త్రీ పాత్రలు కూడా మగపిల్లలే వేసేవారు. బంగాళీ వృత్తి నాటకశాలల్లో 1870లలో నటీమణులు వచ్చారు గాని, వాళ్ళను సంఘం వెలివేసినట్టే చూసింది. దాంతో ‘మంచి ఇంటి పిల్లలు’ రంగస్థలం మెట్లెక్కడం ఇంకా కష్టమైంది. ఈ స్థితిలో 1888 డిసెంబరులో ఒక విశేషం జరిగింది. రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కగారు స్వర్ణకుమారీదేవి సఖీ సమితి అనే మహిళా సంఘం నడిపేవారు. ఆ సంఘం ఏర్పాటు చేసిన మేళాలో, బెథూన్ పాఠశాల ఆవరణలో, రవీంద్రనాథ్ రాసిన ‘మాయార్ ఖేలా’ అనే గేయనాటికను ఆడారు. వేసినవాళ్ళందరూ స్త్రీలే. మగ పాత్రలూ వాళ్ళే వేశారు. చూసినవాళ్ళూ స్త్రీలే. బాలికల విద్య కోసం 1849లో పుట్టిన బడి ఆవరణ కాబట్టే అది సాధ్యమైంది. ఊళ్ళో మరోచోట జరగడానికి వీలులేనిది బడిగోడల మధ్య జరిగింది. దీన్ని గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరకు వస్తాం.

ఇక రవీంద్రనాథ్ దగ్గరకు వద్దాం. ఆయనకు బడి అంటే గిట్టదు. ఇందాక చెప్పిన ఓరియంటల్ సెమినరీలో కొన్నాళ్ళు, నార్మల్ స్కూల్లో కొన్నాళ్ళు, ఇంకా రెండు బడుల్లో కొన్నాళ్ళు కూర్చుని, అన్నిట్లోంచీ తప్పించుకుని ఇంటికి వచ్చేసిన విద్యార్థి ఆయన. అలాంటి మనిషి 1901 డిసెంబరులో కలకత్తాకు దాదాపు నూట యాభై కిలోమీటర్ల దూరంలో, బోల్పూరు దగ్గర శాంతినికేతనంలో, తనే ఒక బడి పెట్టారు. మొదట చేరినవాళ్ళు ఐదుగురు. వాళ్ళలో ఆయన కొడుకు కూడా ఒకడు. ఇంతకన్నా చిన్న బడి ఎక్కడుంటుంది చెప్పండి!

ఈ బడి పిల్లల కోసం 1908లో ఆయన ‘శారదోత్సవ్’ నాటకం రాశారు. శరదృతువులో, పూజ సెలవలకు ముందు ఆడుకోవడానికి. అందులో ఒక రాజు సన్యాసి వేషంలో తిరుగుతుంటాడు. ఒక పిసినారి వడ్డీవ్యాపారి ఉంటాడు. ఉపనందుడనే కుర్రవాడు ఉంటాడు. మిగతా పిల్లలందరూ సెలవని గంతులేస్తుంటే వాడు మాత్రం కూర్చుని తాళపత్రాలకు నకళ్ళు రాస్తుంటాడు, చనిపోయిన తన గురువు అప్పు తీర్చడానికి. కథ ఇంతే. కాని నాటకం కట్టడం చూడండి. స్త్రీ పాత్ర ఒక్కటీ లేదు, ఎందుకంటే అప్పుడు బడిలో ఉన్నది మగపిల్లలు. పెద్ద పాత్రలు ఉపాధ్యాయులు వెయ్యవచ్చు. అన్నిటికన్నా ముఖ్యమైనది, ‘బాలకులు’ అనే గుంపు. వాళ్ళు ఎంతమందైనా ఉండవచ్చు. పొడుగువాడూ, పొట్టివాడూ, మాట తడబడేవాడూ, పాట మాత్రమే వచ్చినవాడూ అందరూ అందులో సరిపోతారు. ఎవరికీ ‘నీకు వేషం లేదు, పక్కన కూర్చో’ అని చెప్పవలసిన అవసరం రాలేదు.

నాటకాన్ని ముందు రాసి, తర్వాత దానికి తగ్గ నటులను వెతకడం ఒక పద్ధతి. ఎదురుగా ఉన్న పిల్లలను లెక్కపెట్టుకుని వాళ్ళకు సరిపడా నాటకం కట్టడం ఇంకో పద్ధతి. పెద్ద బడికి మొదటిది కుదురుతుంది. వెయ్యిమందిలో పన్నెండుగురు మంచి నటులు దొరక్కపోరు. మిగిలిన తొమ్మిదివందల ఎనభై ఎనిమిదిమంది ప్రేక్షకులు. చిన్న బడికి ఆ సౌకర్యం లేదు. ఉన్న ముప్ఫైమందీ రావలసిందే. మీ బడి చిన్నదని, వసతులు లేవని మీలో కొందరు బాధపడుతుంటారు. ఈ ఒక్క విషయంలో మాత్రం మీది పైచేయి.

వసతుల మాట వచ్చింది గనుక, తెరలూ రంగాలంకరణల గురించి రెండు మాటలు. 1902లో రవీంద్రనాథ్ ‘రంగమంచ్’ అనే వ్యాసం రాశారు. రంగు గుడ్డమీద చెట్లూ కొండలూ గీసి వెనక వేలాడదీయడం ప్రేక్షకుడి ఊహాశక్తిని తక్కువ చెయ్యడమేనని ఆయన వాదన. దుష్యంతుడు రథంమీద వస్తున్నాడంటే రంగంమీద రథం అక్కర్లేదు. నటుడు చూపగలడు, చూసేవాడు ఊహించుకోగలడు. పల్లెటూళ్ళ జాత్రాల్లో నటుడికీ ప్రేక్షకుడికీ మధ్య అడ్డేమీ ఉండదని కూడా గుర్తుచేశారు. మన వీధిభాగవతం చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు. డబ్బులేని బడికి ఇది సర్దుబాటు సూత్రంలా కనిపిస్తుంది గాని, ఆయన దీన్ని మంచి పద్ధతిగానే చెప్పారు. నిజానికి బంగాళీలో బాదల్ సర్కార్ 1970లలో చేసినదీ ఇలాంటిదే. మామూలు గదిలో, వేదిక లేకుండా, తెర లేకుండా, ప్రేక్షకుల మధ్యనే నాటకం ఆడి ‘మూడో రంగస్థలం’ అని దానికి పేరు పెట్టారు. తరగతి గది కన్నా దానికి అనువైన చోటు ఏముంది?

1911లో రవీంద్రనాథ్ రెండు నాటకాలు రాశారు. ఒకటి ‘అచలాయతన్’, రెండోది ‘డాక్‌ఘర్’, అంటే తపాలా ఆఫీసు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివితే ఒక చిత్రమైన విషయం కనిపిస్తుంది. రెండింటిలోనూ ఒక కిటికీ ఉంది.

‘అచలాయతన్’ ఒక విద్యాలయం కథ. లెక్కలేనన్ని మంత్రాలు, నియమాలు, ప్రాయశ్చిత్తాలు. ఏళ్ళతరబడి ఉత్తరం వైపు కిటికీ ఎవరూ తెరవలేదు. తెరిస్తే మహాపాపం. సుభద్రుడనే చిన్నపిల్లవాడు ఒకరోజు దాన్ని తెరిచి బయటికి చూస్తాడు. అంతే, విద్యాలయం గడగడలాడిపోతుంది. పిల్లవాడికి ఏ ప్రాయశ్చిత్తం విధించాలని పండితులు తర్జనభర్జనలు పడతారు. ఒక బడి నడుపుతున్న మనిషి ఇలాంటి నాటకం రాశారంటే ఎదుటివాళ్ళను ఎగతాళి చెయ్యడానికి మాత్రమే కాదు, తన బడి కూడా రేపు ఇలా అయిపోతుందేమోనన్న భయం కూడా ఉండి ఉంటుందని నాకు అనిపిస్తుంది.

‘డాక్‌ఘర్’లో అమల్ అనే పిల్లవాడు. తల్లీ తండ్రీ లేరు. మేనత్త భర్త మాధవదత్తు ఇంట పెరుగుతున్నాడు. జబ్బు. బయటికి వెళ్ళకూడదు, గాలీ ఎండా తగలకూడదు అని వైద్యుడు శాస్త్రం ప్రకారం కట్టడి చేశాడు. అమల్ కిటికీ దగ్గర కూర్చుని దారిన పోయేవాళ్ళతో మాట్లాడతాడు. పెరుగు అమ్మేవాడు, కావలివాడు, ఊరిపెద్ద, పూలమ్మాయి సుధ, ఆటలాడుకునే పిల్లలు, వేషం మార్చి వచ్చే తాతయ్య. ఎదురుగా రాజుగారి కొత్త తపాలా ఆఫీసు వెలిసింది. తనకూ రాజుగారి దగ్గర్నుంచి ఉత్తరం వస్తుందని అమల్ ఎదురుచూస్తాడు. చివరికి రాజవైద్యుడు వచ్చి తలుపులూ కిటికీలూ అన్నీ తెరవమంటాడు. అమల్ నిద్రపోతాడు. సుధ పూలు తెచ్చి, తను మరచిపోలేదని వాడికి చెప్పమంటుంది.

ఈ నాటకం వెయ్యడానికి కావలసినవి ఏమిటి? ఒక మంచం, ఒక కిటికీ. పాత్రలు ఒకరి తర్వాత ఒకరు కిటికీ దగ్గరకు వస్తారు, నాలుగు మాటలు మాట్లాడి వెళ్ళిపోతారు. ఒక్కొక్క పాత్ర సంభాషణ ఒక పిల్లవాడు వారంలో నేర్చుకోగలడు. అమల్ పాత్ర మాత్రం పెద్దది. దానికి గట్టిగా అరిచేవాడు పనికిరాడు, వినడం తెలిసినవాడు కావాలి. పెరుగువాడు పెరుగు అమ్మడం మరచిపోయేంత శ్రద్ధగా అమల్ అతని ఊరి సంగతులు వింటాడు. తరగతిలో ఎప్పుడూ మాట్లాడని, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునే విద్యార్థి ఒకడుంటాడు చూడండి. వాడికి ఈ వేషం ఇచ్చి చూడమని నేను ఉపాధ్యాయులకు సలహా ఇస్తాను.

1917లో కలకత్తాలో, జొరాసంకోలోని ఠాగూర్ల ఇంట, విచిత్ర అనే హాలులో ఈ నాటకం ఆడారు. అమల్‌గా వేసినవాడు శాంతినికేతనం విద్యార్థి ఆశాముకుల్ దాస్. మాధవదత్తుగా ప్రసిద్ధ చిత్రకారుడు గగనేంద్రనాథ్, ఊరిపెద్దగా ఆయన తమ్ముడు అవనీంద్రనాథ్, సుధగా అవనీంద్రనాథ్ కూతురు, తాతయ్యగా రవీంద్రనాథే. రంగంమీద గడ్డికప్పుతో ఒక పల్లెటూరి గుడిసె కట్టారు. నందలాల్ బోస్ కూడా ఆ పనిలో చెయ్యి వేశారు. తెరమీద బొమ్మలు వద్దన్న మనిషి గుడిసె కట్టించారేమిటని మీరు అడగవచ్చు. ఇంట్లోనే ముగ్గురు చిత్రకారులుంటే ఎవరు మాత్రం ఊరుకుంటారు! ఆ డిసెంబరులో కలకత్తాలో అనిబిసెంట్ అధ్యక్షతన కాంగ్రెసు మహాసభలు జరిగాయి. వాటికి వచ్చిన నాయకుల కోసం నాటకాన్ని మళ్ళీ ఆడారు. గాంధీ, తిలక్, మాళవీయ, అనిబిసెంట్ ప్రేక్షకుల్లో ఉన్నారు. దేశంలో అంతటి పెద్దలు కూర్చుని ఉండగా, రంగంమీద మధ్యన కూర్చున్నది ఒక బడిపిల్లవాడు.

అంతకు ముందు ఏడాది, 1916 జనవరిలో, ఇదే ఇంట ‘ఫాల్గుణి’ ఆడి, వచ్చిన డబ్బు బాంకుడా కరువు బాధితులకు పంపారు. శాంతినికేతనం పిల్లలు వచ్చి పాడారు. రవీంద్రనాథ్ గుడ్డి బావుల్ వేషం వేశారు. బడి నాటకం ఊరికి కూడా పనికివస్తుందన్నదానికి ఇది ఉదాహరణ.

విచిత్రమేమిటంటే, జొరాసంకోలో ‘డాక్‌ఘర్’ ఆడకముందే అది ఐర్లండ్‌లో ఆడారు. 1913 మే 17న డబ్లిన్‌లోని ఆబీ థియేటర్‌లో దాని ఇంగ్లీషు అనువాదం ప్రదర్శించారు. ఆ ప్రదర్శన కూడా ఒక చిన్న బడి సహాయార్థమే! పాట్రిక్ పియర్స్ అనే కవి 1908లో సెయింట్ ఎండాస్ అనే బడి పెట్టాడు. ఐరిష్ భాషలో చదువు చెప్పాలని ఆయన ఆశ. బడి అప్పుల్లో కూరుకుపోయింది. ఆ సాయంత్రం ‘డాక్‌ఘర్’తో పాటు పియర్స్ రాసిన ‘అన్ రీ’ అనే నాటకాన్ని ఆయన విద్యార్థులే ఆడారు. పరాయి పాలన కింద ఉన్న రెండు దేశాలు, మాతృభాషలో చదువు చెప్పే రెండు చిన్న బడులు, వాటిని నడుపుతున్న ఇద్దరు కవులు. ఈ పోలిక కవి యేట్స్‌కు ఆనాడే తోచింది. 1916 ఈస్టర్ తిరుగుబాటుకు నాయకత్వం వహించినందుకు పియర్స్‌ను ఆ ఏడాది మే 3న కాల్చి చంపారు.

డబ్లిన్ నాటకోద్యమంలో మొదట్లో పనిచేసిన జేమ్స్ కజిన్స్ అనే కవి తర్వాత మన మదనపల్లెకు వచ్చి అక్కడి దివ్యజ్ఞాన కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యాడు. 1919లో రవీంద్రనాథ్ ఆయన ఆహ్వానం మీద మదనపల్లె వచ్చి కొద్దిరోజులు విశ్రాంతి తీసుకున్నారు. ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి అనువదించింది అక్కడే. శాంతినికేతనంలో చదువుకున్న తెలుగువాళ్ళలో బెజవాడ గోపాలరెడ్డి గారి పేరు మీకు తెలుసు. రవీంద్రుని రచనలు అనేకం ఆయన తెలుగు చేశారు. అంటే ఈ కథ మనకు మరీ దూరంది కాదు.

ఇప్పుడు ఇందాక వాయిదా వేసిన ఆడపిల్లల సంగతి. 1926లో, శాంతినికేతనంలో బాలికలు కూడా చదువుతున్న కాలంలో, వాళ్ళు వెయ్యడానికి రవీంద్రనాథ్ ‘నటీర్ పూజ’ రాశారు. ఈసారి తిరగేసి, అన్నీ స్త్రీ పాత్రలే. బుద్ధుని పూజ నిషేధించిన రాజ్యంలో, స్తూపం ఎదుట నాట్యం చేసి దాన్ని అపవిత్రం చెయ్యమని శ్రీమతి అనే రాజనర్తకిని ఆజ్ఞాపిస్తారు. ఆమె నాట్యం చేస్తూ చేస్తూ ఒక్కొక్క నగా తీసి పడేస్తుంది. లోపల భిక్షుణి వస్త్రం కనిపిస్తుంది. ఆ నాట్యమే పూజ అయింది. ఆమెను చంపేస్తారు. శ్రీమతిగా నందలాల్ బోస్ కూతురు గౌరి వేసింది. 1927 జనవరిలో దీన్ని కలకత్తాలో ఆడవలసి వచ్చేసరికి చిక్కు వచ్చింది. గౌరవనీయుల ఇంటి ఆడపిల్ల పదిమంది ఎదుట నాట్యం చెయ్యడమా? ఆక్షేపణలు వస్తాయని అందరికీ తెలుసు. అప్పుడు రవీంద్రనాథ్ ఉపాలి అనే భిక్షువు పాత్రను కొత్తగా చేర్చి, తనే ఆ వేషం వేసుకుని, పిల్లలతో పాటు రంగంమీదికి వచ్చారు. అప్పటికి ఆయనకు అరవై ఐదేళ్ళు, నోబెల్ బహుమతి వచ్చి పదమూడేళ్ళు దాటింది. తిట్లేమైనా ఉంటే ముందు నాకు తగలనీయండి అన్నట్టు నిలబడటం అది. నేను ఉపాధ్యాయుల గురించి చదివిన సంగతుల్లో ఇది నాకు చాలా ఇష్టమైనది. తర్వాత 1932లో ఆ నాటకాన్ని కలకత్తాలోని న్యూ థియేటర్స్ సంస్థ శాంతినికేతనం విద్యార్థులతోనే సినిమాగా కూడా తీసింది.

అన్నీ ఇలా గంభీరంగానే ఉండాలని లేదు. రవీంద్రనాథే పిల్లల కోసం ‘హాస్యకౌతుక్’ పేర చిన్న చిన్న ప్రహసనాలు రాశారు. అందులో ‘ఛాత్రేర్ పరీక్ష’ అనేది ఒక తుంటరి విద్యార్థి, ఒక మాస్టారు, పరీక్ష చెయ్యడానికి వచ్చిన పెద్దమనిషి, ఈ ముగ్గురితోనే నడుస్తుంది. ముగ్గురు, పది నిమిషాలు. బంగాళీ బడుల్లో దాన్ని ఆడని తరం లేదు. సత్యజిత్ రాయ్ తండ్రి సుకుమార్ రాయ్ ప్రెసిడెన్సీ కాలేజీలో భౌతిక, రసాయన శాస్త్రాలు చదివినవాడు. స్నేహితులతో ‘నాన్సెన్స్ క్లబ్’ పెట్టి దానికోసం ‘ఝాలాపాలా’, ‘లక్ష్మణేర్ శక్తిశేల్’ రాశాడు. మొదటిదాంట్లో ఒక పంతులుగారు చిన్న ఇంగ్లీషు వాక్యంలోని మాటలను సంస్కృతంగా అన్వయించి, ఆవు ఏడుస్తోందని తాత్పర్యం చెబుతారు. మన పానుగంటివారి సాక్షి చదివి నవ్వుకున్నవాళ్ళు దీన్ని వెంటనే అందుకుంటారు. ఒక మాట చెప్పాలి. ఏడిపించడం కన్నా నవ్వించడం కష్టం. మొదటిసారే ప్రహసనం పెట్టుకోవద్దు.

మీ తరగతిలో నాటకం వెయ్యాలనుకుంటే ఎలా మొదలుపెట్టాలి? ముందు వేషాలు పంచకండి. వారం రోజులు అందరూ గుండ్రంగా కూర్చుని, రోజుకొకరు ఒక్కో పాత్ర మార్చుకుంటూ చదవండి. ఈ వారంలోనే ఎవరికి ఏది సరిపోతుందో దానంతటదే తేలుతుంది, చాలాసార్లు మీరనుకున్నట్టు కాకుండా. తర్వాత మాటలు కంఠతా పట్టడం. దానికి ముందు ఎక్కడ నిలబడాలో, ఎటు నడవాలో నిర్ణయించుకుంటే మాటలు కాళ్ళతో పాటు గుర్తుంటాయి. వీపు ప్రేక్షకులవైపు తిప్పకూడదన్న పాత నియమాన్ని మరీ పట్టించుకోవద్దు గాని, గొంతు మాత్రం చివరి బల్లదాకా వినపడాలి. మైకు వద్దు. మైకు పెడితే నటుడు మైకుతోనే మాట్లాడతాడు, ఎదుటివాడితో కాదు.

ప్రాంప్టింగ్ చేసేవాడి గురించి ప్రత్యేకంగా చెబుతాను, ఎందుకంటే నేను చదువుకున్న బడిలో నాకు దక్కిన వేషం అదే. కాస్త నత్తి ఉండేది నాకు. మాస్టారు నా చేతికి పుస్తకం ఇచ్చి తెర పక్కన కూర్చోబెట్టారు. అప్పుడు చాలా చిన్నతనంగా అనిపించింది, ఇంటికి వెళ్ళి ఎవరికీ చెప్పలేదు. ప్రదర్శన రోజున హరిశ్చంద్రుడు రెండుచోట్ల మాట మరచిపోయాడు. నేను అందించాను. గుసగుసగా చెప్పేటప్పుడు నాకు నత్తి రాలేదు. నాటకం అయ్యాక ఆ సంగతి హరిశ్చంద్రుడికీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. అయినా ఇప్పటికీ ఆలోచిస్తుంటాను, ఆ మాస్టారు నాకు నాలుగు మాటలున్న వేషం ఏదైనా ఇచ్చి ఉంటే ఏమయ్యేదని. నత్తితో మాట్లాడే నక్షత్రకుడు ఉండకూడదని ఎక్కడుంది?

అనుమతుల గురించి కూడా అడుగుతుంటారు. రవీంద్రనాథ్ 1941లో మరణించారు. ఆయన రచనల మీద విశ్వభారతికి ఉన్న హక్కులు 2001 చివరితో ముగిశాయి. మూల నాటకాలు ఇప్పుడు ఎవరైనా ఆడవచ్చు. కొత్త అనువాదాలకు మాత్రం అనువాదకుడి హక్కు ఉంటుంది. అయితే బడి కార్యక్రమంలో భాగంగా, విద్యార్థులూ ఉపాధ్యాయులూ కలిసి, తమ తల్లిదండ్రులూ తోటివారూ మాత్రమే చూసేలా ఆడుకునే ప్రదర్శనకు మన కాపీరైటు చట్టం మినహాయింపు ఇచ్చింది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం నాటకాన్ని బడిచదువులో భాగం చెయ్యమంది. 2020 విద్యావిధానం కూడా కళలతో కలిపి బోధించమంది. కాగితాలమీద అడ్డంకులేమీ లేవు. టైంటేబుల్లోనే చోటు దొరకడం లేదు.

చివరగా ‘డాక్‌ఘర్’ ఆడిన మరో చిన్న బడి సంగతి చెప్పి ముగిస్తాను. దాన్ని బడి అనడం కన్నా అనాథాశ్రమం అనాలి. పోలండ్ రాజధాని వార్సాలో యానుష్ కోర్చాక్ అనే పిల్లల వైద్యుడు దాన్ని నడిపేవాడు. ఆయన పిల్లల రచయిత కూడా. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ నాజీలు యూదులందరినీ గోడకట్టిన ఒక వాడలోకి తోసినప్పుడు ఆ ఆశ్రమం కూడా అందులోకి వెళ్ళింది. ఆకలి, జబ్బులు. పిల్లలు గోడ దాటి బయటికి పోవడానికి లేదు. 1942 జూలై 18న అక్కడి పిల్లలు, ఎస్తెర్కా అనే యువతి శిక్షణలో, పోలిష్ భాషలో ‘డాక్‌ఘర్’ ఆడారు. కదలలేని పిల్లవాడు, మూసిన గది, కిటికీ అవతల నడిచిపోయే ప్రపంచం. ఆ పిల్లలకు దాన్ని వివరించవలసిన అవసరం లేకపోయి ఉంటుంది. ఈ నాటకమే ఎందుకు ఎంచుకున్నారని అడిగితే, మరణాన్ని ప్రశాంతంగా ఎదుర్కోవడం పిల్లలు నేర్చుకోవాలని కోర్చాక్ అన్నట్టు చెబుతారు. మూడు వారాలు కూడా గడవకముందే, ఆగస్టు మొదటి వారంలో, దాదాపు రెండువందల మంది పిల్లలను ట్రెబ్లింకా మృత్యుశిబిరానికి తరలించారు. తప్పించుకునే అవకాశం వచ్చినా కోర్చాక్ ఒప్పుకోలేదు. పిల్లలతోనే వెళ్ళాడు.

వచ్చే పాఠానికి ‘డాక్‌ఘర్’ చదివి రండి. తెలుగులో దొరక్కపోతే ఇంగ్లీషులో దొరుకుతుంది, గంటన్నరలో అయిపోతుంది. చదివేటప్పుడు ఒక కాగితం మీద మీ తరగతి గది పటం గీసుకోండి. అమల్ మంచం ఎక్కడ వెయ్యాలో, కిటికీ ఏ వైపు ఉండాలో గుర్తు పెట్టుకుని రండి.